దాటేసిన కొండకు రసీదు

ఫిబ్రవరి 9

అమ్మాయ్,

ఉత్తరం అంటే క్షేమం అడిగి మొదలుపెట్టాలి. ఆ మాట రాశాను, కొట్టేశాను. పైన కనిపిస్తున్న సిరా మరక అదే.

నిన్న పొద్దున్న మీ డిపో మేనేజరు ఫోన్ చేశాడు. కొండల మీద గాలి, వాన కొలిచే స్తంభాలకి బ్యాటరీలు మార్చడానికి బుధవారం బయల్దేరిన తమ్ముడు గురువారం చీకటి పడేలోపు తిరిగి రావాలట, ఇంకా రాలేదట. మంచు తుఫానుకి మీ సెల్ టవరు కూడా కూలిపోయిందట. నీతో మాట్లాడించమన్నాను. ఆఫీసు తీగ ఫోను రోజులో కాసేపే పలుకుతోందనీ, దాన్ని వెతికే పనికే ఉంచాలనీ అన్నాడు. కాదనలేకపోయాను. అందుకే సరుకుల వ్యాను చేతికి ఈ ఉత్తరం. మనిద్దరం ఎప్పుడూ ఉత్తరాలు రాసుకున్నవాళ్ళం కాదు. ఆఫీసులో రిపోర్టు రాసినట్టు రాస్తున్నానేమో, ఏమీ అనుకోకు.

వాడు గురువారం సాయంత్రం నీకు పంపిన ఫొటో, నువ్వు ఎప్పటిలాగే నాకు పంపావే, అది నా దగ్గర ఉంది. మంచు కప్పిన కొండల వరస, పైన బూడిదరంగు ఆకాశం. ఫొటోతో పాటే తీసిన చోటు కూడా నమోదవుతుంది కదా అని మేనేజరు అడిగాడు. వాడి ఫోనులో ఆ సదుపాయం ఎప్పుడూ ఆపేసే ఉంటుంది, బ్యాటరీ తినేస్తుందని. కొండలన్నిటికీ బ్యాటరీలు మోసేవాడు సొంత ఫోను దగ్గర మాత్రం పిసినారి.

చివరి స్తంభం దాటాక కిందికి దిగడానికి రెండు కనుమలున్నాయట, తూర్పుదొకటి, పడమటిదొకటి. ఒక్కోటీ ఒక్కో లోయలోకి దించుతుంది. ఫొటో ఏ కనుమ మీద తీశాడో తెలిస్తే బండి ఏ లోయలో ఉందో తెలిసినట్టే. ఉన్నది ఒకటే గుంపు, మంచులో నడవగలిగినవాళ్ళు. రెండు వైపులా పంపే దారి లేదన్నాడు మేనేజరు.

నా ఉద్యోగం ఏమిటని నువ్వు అడిగినప్పుడల్లా "కంప్యూటరు పని" అని తప్పించుకున్నాను. ఇప్పుడు చెప్తాను. జీపీయెస్ అందని చోట, బండికి ఉన్న కెమెరాకి కనిపించే కొండల్ని బట్టి బండి ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాము రాస్తాం మేము. భూమి ఎత్తుపల్లాల లెక్కంతా మా దగ్గర ఉంటుంది. ఏ చోట నిలబడి చూస్తే ఆకాశం కింద కొండల గీత ఎన్ని వంకర్లు తిరుగుతుందో కంప్యూటరు ఆ లెక్కలోంచి గీసుకోగలదు. అలా వేల చోట్ల నుంచి గీసుకుని, ఫొటోలో ఉన్న గీత దేనికి అతుకుతుందో చూస్తుంది. పిల్లాడి ముక్కు, నుదురు చూసి ఏ ఇంటివాడో చెప్పడం లాంటిదే. మీ ఆయన దీన్నే ఇంకోలా చెప్తాడు: "మా అక్క మిషను ఏ కొండనైనా గుర్తుపడుతుంది. అక్క మాత్రం పక్కింటావిడ లిఫ్టులో ఎదురైతే మీరెవరండీ అంటుంది."

ఆ ఫొటో గురించి నీకు తెలిసినదంతా రాయి. ఎంత చిన్న సంగతైనా సరే. నాకు ఏది పనికొస్తుందో నాకే తెలీదు.

తిని పడుకో. నేను ఆ రెండూ చేయడం లేదు, అయినా నీకు చెప్తున్నాను.

నీ వదిన

ఫిబ్రవరి 11

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. చదువుతుంటే ఎవరో చెయ్యి పట్టుకున్నట్టయింది.

ఇక్కడ నన్ను ఒంటరిగా వదలడం లేదు. వచ్చిన ప్రతివాళ్ళూ టీ పెట్టించుకుని తాగి, ధైర్యం చెప్పి పోతున్నారు. ధైర్యం సంగతేమో గానీ టీపొడి అయిపోయింది. ఎక్కువసార్లు వస్తున్నది మెకానిక్. మీ తమ్ముడితో పాటు వెళ్ళాల్సినవాడు పన్ను నొప్పని ఆగిపోయాడు. బుగ్గ ఇంకా బూరెలా ఉంది. గుమ్మంలో నిలబడి ఏడుస్తాడు, నేను ఓదార్చాలి. నిన్న విసుగొచ్చి "ఆ పన్నేదో ముందు పీకించుకో నాయనా, మిగతాది తర్వాత ఏడుద్దువు గానీ" అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వినందుకు తర్వాత చాలాసేపు సిగ్గుపడ్డాను.

ఫొటో గురించి అడిగారు. మీ తమ్ముడు ఎదురుగా ఉన్న కొండని ఎప్పుడూ తీయరు. దాటేసిన కొండనే తీస్తారు. "ఎక్కబోయేదాన్ని తీస్తే అది బిగుసుకుంటుంది, దాటాక తీస్తే రసీదు" అంటారు. ప్రతి ట్రిప్పుకీ నాకో రసీదు పంపిస్తారు. గురువారం వచ్చింది కూడా అదే. కింద "ఆఖరి రసీదు, వంట మొదలుపెట్టు" అని రాశారు. మొదలుపెట్టాను. నేను మీకు ఎప్పటిలాగే కాస్త శుభ్రం చేసి పంపాను. ఇంతకంటే నాకేం తెలీదు వదినా.

ఒక్కటి మాత్రం గట్టిగా తెలుసు. ఆయన బండి దిగరు. పోయిన వేసవిలో మీ ఆఫీసు చూసొచ్చి నెల్లాళ్ళు అదే చెప్పారు. ఎక్కడ చిక్కుకున్నా దిగి నడవొద్దు, నడిచే మనిషిని వెతకడం కష్టం, బండిని పట్టుకోవడం తేలిక, ఒక్క ఫొటో ఉంటే చాలు నేను చూసుకుంటాను అన్నారట మీరు. అక్క ఉండగా దారి తప్పడం కూడా కుదరదు అని మా ఎదురింటివాళ్ళకి కూడా చెప్పుకున్నారు. బండిలో నేను కుట్టిన నారింజరంగు టార్పాలిన్ ఉంది. డిపోలో టార్పాలిన్లు కుట్టేది నేనే కదా, దానికి అంచు రెండు వరసలు వేశాను. బిస్కెట్లు, స్టవ్వు, కంబళ్ళు ఉన్నాయి. మంచు కరిగించుకుంటే నీళ్ళకి కొదవ లేదు. ఆయన కూర్చుని ఉంటారు. మీరు చెప్పడమే ఆలస్యం.

మీ మరదలు

ఫిబ్రవరి 13

అమ్మాయ్,

దొరికింది. తూర్పు కనుమ.

నీ ఉత్తరంలో ఒక మాట నాకు దారి చూపించింది. దాటేసిన కొండ అన్నావు కదా. అంటే బండి ఆపి, దిగి, వెనక్కి తిరిగి తీశాడన్న మాట. అందుకని బండి పోయే వైపు కాకుండా వెనక వైపు చూస్తున్నట్టు లెక్క మార్చాను. అంతకు ముందు పదీ పదిహేను చోట్ల మధ్య ఊగిసలాడిన ప్రోగ్రాము తూర్పు కనుమ దగ్గర నిలబడింది. గీతలో ఎడమ పక్కన రెండు మొనలు, కుడికి పోయేకొద్దీ వాలు. ఆ కనుమ మీద నుంచి చూస్తే ఇలాంటి వరసే కనిపిస్తుంది. రసీదు అన్న మాట నువ్వు రాయకపోతే ఇంకా వెతుకుతూనే ఉండేదాన్ని.

వెంటనే మేనేజరుకి ఫోను చేశాను. "ఖాయమేనా మేడమ్?" అన్నాడు. ఖాయమే అన్నాను. ఇంత నిక్కచ్చిగా మాట్లాడటం నువ్వు నా నోట ఎప్పుడూ విని ఉండవు. హోటల్లో ఏం తినాలో తేల్చుకోలేక సర్వరుని రెండుసార్లు వెనక్కి పంపే మనిషిని. రేపు తెల్లారుతూనే గుంపు బయల్దేరుతుందన్నాడు.

ఇక్కడ ఆఫీసులో నా పక్క సీటాయన ఎన్నడూ లేనిది నాకు కాఫీ తెచ్చిపెట్టాడు. చక్కెర ఎక్కువైంది. తాగేశాను.

వాడు వచ్చాక ఒక చెవి నువ్వు పిండు, రెండోది నాకు అట్టిపెట్టు.

నీ వదిన

ఫిబ్రవరి 15

వదిన గారికి,

గుంపు నిన్న తూర్పు వైపు వెళ్ళింది. వాళ్ళ వెనక చాలా దూరం నడిచాను, మేనేజరు కసిరితే ఆగాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు.

ఒక సంగతి చెప్పాలా వద్దా అని తచ్చాడి చివరికి రాస్తున్నాను. మెకానిక్ మాత్రం పడమటి దారే అంటున్నాడు. తూర్పు లోయలో ఒక ఇనుప వంతెన ఉంది, మంచు పడితే దాని మీద బండి జారుతుంది, మీ తమ్ముడికి ఆ వంతెన అంటే గిట్టదు. ఎంత చుట్టయినా పడమటి దారినే వస్తారని నాకూ తెలుసు. మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. "ఆవిడ కంప్యూటరులో చూసి చెప్తోందమ్మా. నువ్వేం చూసి చెప్తున్నావ్?" అన్నాడు. నిజమే, నేనేం చూశాను? తుఫాను ముంచుకొస్తుంటే వంతెనే నయం అనుకుని ఉండొచ్చు. నోరు మూసుకుని వచ్చేశాను. మీరు చెప్పారంటే అదే నిజం.

ఎలాగూ ఆయన బండి దగ్గరే ఉంటారు. బండి దిగొద్దని మీరు చెప్పారు కదా. ఆ ఒక్క మాట పట్టుకునే తెల్లవార్లూ కూర్చుంటున్నాను.

మీ మరదలు

ఫిబ్రవరి 17

అమ్మాయ్,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. "మీరు చెప్పారు కదా" అన్న చోట ప్రతిసారీ నా కళ్ళు ఆగిపోయాయి. అది ఎత్తిపొడుపా? అయితే సూటిగానే అడుగు, పడతాను. దిగి నడవొద్దని చెప్పింది నేనే. కొండల్లో ఎవరికైనా చెప్పే మాటే అది, నా సొంత కవిత్వం కాదు. వాణ్ణి ఎనిమిదేళ్ళ పిల్లాడప్పటి నుంచీ పెంచినదాన్ని. వాడి మంచి కోరకుండా నోరు జారే మనిషిని కానని నీకు తెలీదా?

ఈ వాక్యాలు కొట్టేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను. నేను ఎలాంటి దాన్నో నీకు తెలియాలి.

పొద్దున్న మేనేజరు ఫోను చేశాడు. వంతెన దాకా చూశారట, బండి జాడ లేదట, మంచు కింద ఉందేమోనని కర్రలతో గుచ్చి చూస్తున్నారట. "ఇంకా కిందికి చూడమంటారా?" అన్నాడు. చూడండి అన్నాను.

నీ దగ్గర దాచాను, ఇప్పుడు చెప్తాను. ప్రోగ్రాము ఏ చోటు చెప్పినా పక్కన ఒక స్కోరు వేస్తుంది, గీతలు ఎంత బాగా అతికాయో చెప్పేది. తూర్పు కనుమకి వచ్చింది బొటాబొటీ స్కోరు. ఆఫీసు పనిలో అయితే ఆ స్కోరుని నేను రిపోర్టులో పెట్టనివ్వను, ఇంకో ఫొటో తెమ్మంటాను. కానీ ఇంకో ఫొటో ఎక్కడిది? పడమటి కనుమకి అంతకన్నా చాలా తక్కువ వచ్చింది, లెక్కలోకే రానంత. మేనేజరు ఖాయమేనా అన్నప్పుడు, కాకపోవచ్చు అంటే వాళ్ళు కదలరని భయపడ్డాను. జీవితమంతా "ఏమో, చూడాలి" అంటూ బతికినదాన్ని. ఒక్కసారి, వాడి కోసం, ఖాయం అన్నాను. అలా అన్నాక మెకానిక్ మాటకి, నీ మాటకి చోటు లేకుండా పోయింది.

నువ్వు ఆనాడే గట్టిగా ఎందుకు అరవలేదు? మేనేజరు బల్ల మీద కొట్టి చెప్పాల్సింది. నన్ను తిట్టైనా చెప్పాల్సింది. నా మాట మీద నాకే లేని నమ్మకం నీకెందుకు?

వదిన

ఫిబ్రవరి 18

వదిన గారికి,

గుంపు వెనక్కి వచ్చేసింది. ఏమీ దొరకలేదు. ఒకతని కాలి వేళ్ళు మంచుకి నల్లబడ్డాయి. మళ్ళీ మంచు కురుస్తోంది, ఆగాక తూర్పు లోయలోనే ఇంకా కిందికి వెళ్తామంటున్నారు. వ్యాను కూడా కదలడం లేదట. ఈ ఉత్తరం మీకు ఎప్పటికి చేరుతుందో.

మొన్న నేను రాసిన దానిలో ఏదైనా మొరటుగా ఉంటే మన్నించండి. కూర్చుని తలుచుకుంటే భయమేసింది, మిమ్మల్ని సందేహించినట్టు రాశానేమోనని. మీరు లేకపోతే నాకు ఈ మాత్రం దిక్కు కూడా లేదు.

డిపోలో జనరేటరు వేసినప్పుడు ఫోను ఛార్జింగు పెట్టుకుని ఆ ఫొటోనే చూస్తున్నాను. మీకు పంపింది కాదు, నాకు వచ్చింది. మీరు చూడలేదు కదా, అది చూస్తే నవ్వుతారు. కొండ కంటే అద్దమే ఎక్కువ ఉంది. బండి పక్క అద్దం చుట్టూ ఇంత మందాన మట్టి, కింద మూల అద్దం పట్టుకున్న ఆయన బొటనవేలు, గోరు నిండా గ్రీజు. ఎప్పుడూ అంతే, దిగడానికి బద్ధకం. కిటికీలోంచి చెయ్యి చాపి, అద్దం తిప్పుకుని, అందులో కనిపించే కొండని తీసేస్తారు. మీలాంటి చదువుకున్నవాళ్ళకి ఆ మట్టి, ఆ గోరు పంపడం నామోషీగా ఉండేది. మీ తమ్ముణ్ణి నేను శుభ్రంగా చూసుకోవడం లేదనుకుంటారేమోనని పెళ్ళైన కొత్తలో భయం. అప్పటి నుంచీ చుట్టూ కత్తిరించేసి కొండ వరకే మీకు పంపడం అలవాటైపోయింది.

ఇప్పుడు నాకు కొండ అక్కర్లేదు. ఆ గోరే చూస్తున్నాను.

మీ మరదలు

ఫిబ్రవరి 23

అమ్మాయ్,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. చదివి, మేనేజరుకి ఫోను చేశాక ఇది రాస్తున్నాను. ఇది నీ చేతికి వచ్చేసరికి వాళ్ళు పడమటి లోయలో ఉంటారు.

అద్దంలో ఎడమ కుడి అవుతుంది. కుడి ఎడమ అవుతుంది. నేను కొండని తిరగేసి ఇచ్చి, ఇది ఎక్కడుందో చెప్పు అని అడిగాను. ప్రపంచంలో లేని కొండ అది. పాపం దానికి కాస్త పోలిక ఉన్నదేదో వెతికి తెచ్చి చూపించింది, ఇది కాదేమో అని తక్కువ స్కోరు కూడా వేసింది. దానికున్న పాటి సందేహం కూడా నేను ఎవరికీ చెప్పలేదు.

నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని ఫొటోని తిప్పి మళ్ళీ ఇచ్చాను. కుర్చీలో సర్దుకునేలోపు చెప్పింది. పడమటి కనుమ, రోడ్డు మలుపు. దరిదాపుల్లో రెండో చోటు లేదు.

దాటేసిన కొండ అని నువ్వు రాసినప్పుడు, ఎలా తీస్తాడు అని ఒక్క ప్రశ్న నేను అడగలేదు. దిగి వెనక్కి తిరిగాడని నాకు నేనే అనుకుని, ఆ తెలివికి మురిసిపోయాను కూడా. శుభ్రం చేసి పంపాను అని కూడా నువ్వు రాశావు. అది కూడా చదివాను. వెలుతురు పెంచావేమో అనుకున్నాను.

పదిహేడున నేను రాసింది నీకు ఇంకా చేరకపోతే తెరవకు. పొయ్యిలో పడెయ్యి.

వదిన

ఫిబ్రవరి 27

వదిన గారికి,

మేనేజరు మీకు ఫోనులో చెప్పానన్నాడు. అయినా నేను కూడా రాయాలి.

బండి పడమటి కనుమకి దిగువన ఉంది. రోడ్డు అంచున ముందు చక్రం గుంటలో దిగిపోయి, నిలువునా ఆగిపోయింది. పైన టార్పాలిన్ కట్టి ఉంది. తాళ్ళన్నీ సరిగ్గా కట్టారు, గాలికి ఒక్క కుట్టు కూడా ఊడలేదు. నారింజరంగు చాలా దూరం నుంచి కనబడిందట. ఆ వైపు వెళ్ళిన మనిషికి ఎవరికైనా కనబడేదట. ఆయన సీట్లోనే ఉన్నారు. కంబళ్ళు చుట్టుకుని, తల కిటికీకి ఆనించి. స్టవ్వులో నూనె అయిపోయింది. బిస్కెట్లు ఇంకా కొన్ని ఉన్నాయి. పొదుపుగా తిన్నట్టున్నారు. పోయి నాలుగైదు రోజులకంటే ఎక్కువ కాలేదని డాక్టరు అన్నాడు. మేనేజరు అతన్ని కళ్ళతోనే ఆపబోయాడు, ఈలోపే అనేశాడు.

దారి మూసేశారని మీరు రాలేకపోయారు. మేం ఆగలేకపోయాం. అందరం కలిసి పంపించేశాం. మెకానిక్ అంతసేపూ నిలబడే ఉన్నాడు. పన్ను పీకించుకున్నాడు.

బండి ఆగిన చోటికి దిగువన ఒక రాతి గది ఉంది, దారి బాగుచేసేవాళ్ళు చలికాలం సరుకు దాచుకునేది. కట్టెలు, పప్పులు, కిరసనాయిలు అన్నీ ఉన్నాయట. తుఫాను తెరిపిచ్చాక గంట నడక. బండిలోంచి చూస్తే దాని కప్పు కనబడుతుందట. అంత దగ్గర ఉండి ఎందుకు నడవలేదు అని అందరూ నన్నే అడుగుతున్నారు. తెలీదు అంటున్నాను.

మీ పదిహేడో తేదీ ఉత్తరం, ఇరవై మూడోది ఒకే వ్యానులో వచ్చాయి. పాతదే ముందు విప్పాను. అది ఎత్తిపొడుపు కాదు వదినా. నాకు అంత తెలివి ఉంటే ఆ ఫొటోని కత్తిరించేదాన్నా? రెండు వేళ్ళ మందాన మట్టి మిగిల్చి మీకు పంపి ఉన్నా ఆ వేళే తెలిసిపోయేది. మీరేమో అడగలేదని ఏడుస్తున్నారు. అడిగితే మాత్రం చెప్పేదాన్నా? మా ఆయన అద్దంలోనే తీస్తారండీ, దిగడానికి బద్ధకం అని మీకు ఎలా చెప్పుకుంటాను?

ఆయన ఫోను ఇచ్చారు. చల్లబడి రాయిలా ఉంది. మూలన ఛార్జింగులో పెట్టాను. ఎలా తెరవాలో నాకు తెలుసు. తెరవబుద్ధి కావడం లేదు. జనరేటరు వేసినప్పుడల్లా దాని పచ్చ లైటు వెలుగుతోంది. చూస్తూ కూర్చుంటున్నాను.

మీరు జాగ్రత్త. ఉద్యోగం మానేస్తానని మేనేజరుతో అన్నారట. మానేసి ఏం చేస్తారు? నేను నిన్న మిషను ముందు కూర్చున్నాను. లారీ టార్పాలిన్ ఒకటి సగంలో ఉంది. అది కుట్టాలి కదా.

మరదలు

మార్చి 6

అమ్మాయ్,

మీ టవరు లేచిందని తెలుసు. ఫోను చేయొచ్చు. గొంతు లేక రాస్తున్నాను. తమ్ముడి ఫోను నువ్వు ఇంకా తెరిచి ఉండవు. తెరిచేలోపు ఈ ఉత్తరం నీకు అందాలి.

మొన్న సాయంత్రం ఆఫీసులో ఉన్నాను. రాజీనామా కాగితం సొరుగులోనే ఉంది, రోజూ తీసి చూసి లోపల పెడుతున్నాను. బల్ల మీద ఫోను మోగింది. తెర మీద "తమ్ముడు" అని వచ్చింది. వాడి చిన్నప్పటి ఫొటోతో, చెవులు నిక్కబొడుచుకున్నది, నువ్వు చూసి నవ్వేదానివే, అది. అమ్మాయ్, ఒక్క ఊపిరిసేపు నేను అందరినీ నమ్మలేదు. డాక్టరుని, మేనేజరుని, నిన్ను కూడా. మీరంతా పొరబడ్డారు, వాడు ఎక్కడో ఉన్నాడు అనుకున్నాను. పక్క సీటాయన నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

మళ్ళీ మోగింది. మళ్ళీ. ఒకదాని వెనక ఒకటి ఫొటోలు. టవరు లేవగానే, నువ్వు మూలన ఛార్జింగు పెట్టిన ఫోను తన దగ్గర ఆగిపోయినవన్నీ తనంతట తానే పంపేసింది.

కొండలు. బండి పక్కన నిలబడి, ఒక్కో అడుగు తిరుగుతూ, చుట్టూ తీశాడు. ఒకటి ముందు, ఒకటి పక్కకి, ఒకటి వెనక్కి. పోయిన వేసవిలో వాడికి మా ఆఫీసు డాబా మీద నేర్పించాను, ఫోను నిటారుగా పట్టుకో, ఆకాశం సగం రావాలి, తొందరపడకు అని. వేళాకోళం చేస్తూ, గోడకి కొట్టుకుంటూ నేర్చుకున్నాడు. ఇవి ఒక్కటి కూడా వంకర లేదు. మా కంపెనీ మనుషులు కూడా ఇంత శ్రద్ధగా తీయరు. ఒక ఫొటోలో నీ టార్పాలిన్ అంచు పడింది. రెండు వరసల కుట్టు కనబడుతోంది. ఇంకో దాంట్లో, కింద దూరంగా, ఆ రాతి గది కప్పు. కప్పు మీద మంచు గాలికి కొట్టుకుపోయి స్పష్టంగా కనబడుతోంది.

ప్రోగ్రాముకి ఇచ్చాను. ఎందుకిచ్చావని అడగకు, నాకు తెలీదు. చేతులు వాటంతట అవే ఇచ్చాయి. కనుమకి దిగువన, రోడ్డు అంచున, మీవాళ్ళు బండిని చూసిన చోటే ఎర్ర చుక్క పెట్టింది. నా ఉద్యోగంలో అంత మంచి స్కోరు ఎప్పుడూ చూడలేదు. దాన్ని తయారుచేయడానికి నా వయసంతా పోయింది, అది ఇంత బాగా పనిచేయగా నేను చూసింది ఇదే మొదటిసారి.

అందరూ అడిగితే తెలీదు అంటున్నానని రాశావు. ఇంక అలా అనకు. మా వదిన చెప్పింది, అందుకని ఆగారు అని చెప్పు. నీ నోట ఆ మాట రాకపోవడం నాకు తిట్టు కంటే ఎక్కువగా ఉంది.

నువ్వు కత్తిరించావనీ, నేను అడగలేదనీ ఇన్నాళ్ళూ మనిద్దరం ఆ తప్పుని నాదంటే నాదని లాక్కున్నాం. వాడికి మాత్రం అంతా ముందే తెలుసు. ఫొటోల కింద నాలుగు మాటలు రాశాడు. బండి ఆగిపోయిన మర్నాటి తేదీ ఉంది. నీ దగ్గర దాచకూడదు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు కింద దించుతున్నాను. ఇది చదివాక ఆ ఫోను తెరువు, లేకపోతే తెరవకు. నీ ఇష్టం. నేను ఏదీ చెప్పను. చెప్పడం మానేశాను.

"అక్కా, నిన్న నీ మరదలు పంపిన ఫొటో అద్దంలోది. ఎడమ కుడి తారుమారు. నీ మిషను తికమకపడుతుంది, అది వదిలెయ్యి. ఇవి పెట్టు. నువ్వు చెప్పినట్టే నిటారుగా పట్టుకుని తీశాను. నీ మరదల్ని ఏడవనివ్వకు, తిండి ఉంది, కంబళ్ళు ఉన్నాయి. కింద ఏదో గది కనబడుతోంది గానీ వెళ్ళడం లేదులే. నీకు తొందరేం లేదు. బండి దగ్గరే ఉన్నాను."

వదిన